నీరు నడిచిన దారిన: అంతాల్యా తీరపు ప్రాచీన నగరాల యాత్రపై ఒక సమీక్ష

2024 ఏప్రిల్‌లో నేను, నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మా నాన్నగారు, ఇంటర్ విద్యార్థులకు గణితం బోధించే మా చెల్లెలు కలిసి టర్కీ దక్షిణ తీరంలోని గ్రీకు, రోమన్ శిథిల నగరాలను చూడడానికి ఐదు రోజుల యాత్ర చేశాము. అంతాల్యా నుంచి బయలుదేరి, తూర్పున పెర్గే, ఆస్పెండోస్, సిదే, పడమట ఫాసెలిస్, మైరా, పతారా, లెతోన్, జాంథోస్ చూపించి, చివరి రోజు కొండమీది తెర్మెస్సోస్ మీదుగా తిరిగి అంతాల్యాకు చేర్చే ఈ కార్యక్రమాన్ని అక్కడి ఒక చిన్న పర్యాటక సంస్థ నడుపుతుంది. ఇదే కార్యక్రమాన్ని కొద్దిపాటి మార్పులతో ఆ ఊరిలో ఎన్నో సంస్థలు అమ్ముతున్నాయి కనుక, నేను ఇక్కడ చెప్పే మంచిచెడ్డలు వాటిలో చాలావాటికి వర్తిస్తాయని నమ్ముతూ సంస్థ పేరు రాయడం లేదు.

పదకొండు మంది ప్రయాణికులు, ఒక మినీబస్సు, ఒక డ్రైవరు, ఒక గైడు. టర్కీలో గైడుగా పనిచేయాలంటే ప్రభుత్వం ఇచ్చే లైసెన్సు తప్పనిసరి. మాతో వచ్చిన గైడు పురావస్తు శాస్త్రం చదువుకున్న యువతి. ఆమె ఇంగ్లీషు స్పష్టంగా, తొందర లేకుండా ఉండేది. బస, ఉదయపు ఫలహారం, రవాణా రుసుములో చేరి ఉన్నాయి గానీ ప్రవేశ టికెట్లు చేరి లేవు. ఈ సంగతి డబ్బు కట్టే పేజీలో చిన్న అక్షరాలలో మాత్రమే ఉంది. విదేశీయులకు పదిహేను రోజుల పాటు చెల్లే మ్యూజియం పాసు ఒకటి ఉంది. ఇన్ని నగరాలు చూసేవారు విడివిడి టికెట్ల ఖర్చుతో పోల్చి చూసుకుని, అది మేలనిపిస్తే మొదటి ద్వారం దగ్గరే కొనుక్కోవడం మంచిది.

మొదటి రోజు ఉదయం అంతాల్యా పాతబస్తీలో రోమన్ చక్రవర్తి హాడ్రియన్ పేరిట ఉన్న ద్వారం చూపించారు. క్రీ.శ. 130లో ఆ చక్రవర్తి ఈ ఊరికి వచ్చిన సందర్భంగా కట్టిన మూడు కమానుల ద్వారం అది. ఇప్పటి వీధి మట్టం కంటే కిందుగా ఉన్న పాత రాతిబాట మీద బండి చక్రాల గాడులు చూడవచ్చు. అక్కడి నుంచి మ్యూజియానికి వెళ్ళి, పెర్గేలో తవ్వకాలలో దొరికిన విగ్రహాలను చూసిన తరువాతే పెర్గేకు తీసుకువెళ్ళారు. ఈ వరుస చాలా తెలివైనదని నా అభిప్రాయం. ఖాళీ గూళ్ళను చూసేటప్పటికి ఆ గూళ్ళలో ఎవరు నిలబడి ఉండేవారో మన కళ్ళలో ఇంకా ఉంటుంది. అలసి గదమీద ఆనుకుని నిలుచున్న హెర్క్యులీస్ విగ్రహం ఆ మ్యూజియంలో అందరినీ ఆపేది. దాని కింది భాగం 1980లో పెర్గే తవ్వకాలలో దొరికింది. పైభాగం మాత్రం అమెరికాలోని బోస్టన్ మ్యూజియానికి చేరి, 2011లో తిరిగి వచ్చింది. నడుము దగ్గర రెండు ముక్కలూ కలిసిన గీత దగ్గరికి వెళ్ళి చూస్తే కనిపించింది. మా యాత్ర తరువాత, 2025లో, కొత్త భవనం కోసం ఆ మ్యూజియాన్ని మూసివేశారు. ఇకమీదట వెళ్ళేవారు ఏయే విగ్రహాలు ఎక్కడ చూడవచ్చో ముందుగానే కనుక్కోవాలి.

పెర్గేలో మాకు మూడు గంటలు ఇచ్చారు. ఈ యాత్ర మొత్తంలో తగినంత సమయం దొరికిన చోట్లు రెండే అనుకుంటే అందులో ఇది మొదటిది. దక్షిణపు ద్వారం దగ్గర రెండు గుండ్రని బురుజులు ఉన్నాయి. అవి రోమన్ల కంటే ముందటివి. వాటి వెనక ఉన్న ఆవరణను క్రీ.శ. రెండవ శతాబ్దం తొలి రోజులలో ప్లాన్సియా మాగ్నా అనే స్త్రీ తన సొమ్ముతో పునర్నిర్మించి, గూళ్ళలో దేవతలను, నగర స్థాపకులను నిలబెట్టించింది. అక్కడి శాసనాలలో ఒకటి ఆమె తండ్రిని 'ప్లాన్సియా మాగ్నా తండ్రి' అని పరిచయం చేస్తుంది. స్త్రీని తండ్రి పేరుతోనో భర్త పేరుతోనో గుర్తించే కాలంలో, ఒక పెద్దమనిషిని కూతురి పేరుతో గుర్తించిన ఆ పలక ముందు గైడు చాలాసేపు నిలబెట్టి చెప్పింది. నాగార్జునకొండ మహాచైత్యానికి స్తంభాలు దానం చేయించిన శాంతమూలుని సోదరి శాంతిశ్రీ నాకు వెంటనే గుర్తుకు వచ్చింది. ఆమె కాలం మరొక నూరేళ్ళు తరువాతిదే అయినా, రాతిమీద తన పేరు నిలుపుకున్న ఆడపడుచుల వరుసలో ఇద్దరినీ పక్కపక్కన ఊహించుకోకుండా ఉండలేకపోయాను.

బురుజులు దాటితే స్తంభాల వీధి మొదలవుతుంది. వీధి నడుమ పొడవునా ఒక రాతి కాలువ ఉంది. ఉత్తరాన కొండ పాదం దగ్గర కెస్ట్రోస్ నదీ దేవత పడుకుని ఉన్న విగ్రహం కింద నుంచి నీరు బయటపడి, ఈ కాలువలోకి దిగి, నగరం గుండా ప్రవహించేది. చాలా బృందాలు బురుజుల దగ్గర నుంచి కొంతదూరం నడిచి, ఎండకు ఓర్చలేక వెనక్కి తిరుగుతాయి. మా గైడు మాత్రం మమ్మల్ని మొదట నీటి పుట్టుక దగ్గరికి తీసుకువెళ్ళి, అక్కడి నుంచి నీరు నడిచిన దారినే కిందికి నడిపించింది. కాలువలో అక్కడక్కడా ఉన్న అడ్డుకట్టలు చూపించి, వీటి అవసరం ఏమిటని అడిగింది. నాన్నగారు ఒంగి, కాలువ వాలును కంటితో అంచనా వేసి, "వాలు ఎక్కువైన చోట వేగం తగ్గించడానికి. మన డ్రాపులు ఇవేనమ్మా" అన్నారు. ఆ తరువాత మిగిలిన నాలుగు రోజులూ ఏ నగరంలో నీటి ప్రస్తావన వచ్చినా ఆమె ఆయన వైపు తిరిగి చూసేది.

శంకు ఛేదాల మీద గ్రంథం రాసి, మన ఇంటర్ పుస్తకాలలో పరావలయం, దీర్ఘవృత్తం, అతిపరావలయం అని చదువుకునే వక్రాలకు గ్రీకు పేర్లు స్థిరపరచిన అపొలోనియస్ ఈ ఊరివాడు. గైడు ఈ విషయాన్ని ఒక్క వాక్యంలో దాటవేసింది. మా చెల్లెలు ఊరుకోలేదు. పక్కన పడి ఉన్న, ఏటవాలుగా పగిలిన ఒక స్తంభపు ముక్కను చూపించి, నిలువు అక్షానికి అడ్డంగా కోస్తే వృత్తమని, ఏటవాలుగా కోస్తే ఇదిగో ఇలా సాగిన వలయమని వేలితో అంచు వెంబడి గీసి చూపించింది. జర్మనీ నుంచి వచ్చిన వృద్ధ దంపతులు తాము కూడా ఆ అంచును తడిమి చూశారు. ఇంతటి గణితవేత్త పుట్టిన ఊరిలో ఆయనకు ఐదు నిమిషాలైనా కేటాయించకపోవడం ఈ కార్యక్రమంలోని లోపమని నేను అనుకుంటున్నాను.

రెండవ రోజు ఆస్పెండోస్. నా అసంతృప్తిలో ఎక్కువ భాగం ఈ రోజుదే. రోమన్ చక్రవర్తి మార్కస్ అరేలియస్ కాలంలో, అంటే క్రీ.శ. 161-180 మధ్య, థియొడోరస్ కొడుకు జెనోన్ అనే స్థానిక వాస్తుశిల్పి కట్టిన ఈ రంగశాల రోమన్ ప్రపంచం నుంచి మిగిలిన వాటిలో అత్యంత భద్రంగా ఉన్నవాటిలో ఒకటి. వేరే చోట్ల రంగస్థలం వెనక గోడ కూలిపోయి, మెట్ల మీద కూర్చున్నవారికి దూరాన కొండ గానీ సముద్రం గానీ కనిపిస్తుంది. ఆ దృశ్యం అందంగానే ఉంటుంది గానీ కట్టినవారి ఉద్దేశం అది కాదు. ఇక్కడ గోడ పూర్తి ఎత్తున నిలిచి ఉండడం వలన, లోపలికి అడుగుపెట్టగానే బయటి ప్రపంచం మూసుకుపోతుంది. పదమూడవ శతాబ్దంలో సెల్జుక్ సుల్తానులు దీన్ని మరమ్మతు చేయించి వాడుకోవడం వల్లనే ఇది నిలిచింది. గోడమీద వారి కాలపు ఎర్రని వంకర గీతల రంగు మచ్చలు ఇంకా ఉన్నాయి. వాటిని వెతుక్కుని చూడడానికి నలభై ఐదు నిమిషాలు ఏ మూలకూ చాలవు. మాకు ఇచ్చింది అంతే.

అంతకంటే బాధ కలిగించినది నీటి బురుజుల విషయం. కార్యక్రమ పత్రంలో 'ఆస్పెండోస్ రంగశాల, జలవాహిని' అని స్పష్టంగా రాసి ఉంది. తీరా అక్కడికి వెళ్ళాక జలవాహినిని బస్సు కిటికీలో నుంచి దూరంగా చూపించి సరిపెట్టబోయారు. నాన్నగారు ఈ యాత్రకు ఒప్పుకున్నదే దానికోసం. ఆయన గొంతు పెంచకుండా, కార్యక్రమ పత్రం తీసి ఆ మాట మీద వేలు పెట్టి చూపించారు. గైడు ఫోనులో సంస్థవారితో మాట్లాడింది. చివరకు డ్రైవరు తనంతట తానే బండిని పొలాల దారిలోకి తిప్పాడు. ఆ డ్రైవరుకు నా కృతజ్ఞతలు.

ఉత్తరపు కొండల నుంచి వచ్చిన నీటిని లోయ దాటించి నగరమున్న గుట్టమీదికి ఎక్కించడం ఇక్కడి సమస్య. లోయ అడుగు నుంచి కమానులు కట్టుకుంటూ కాలువను అదే మట్టంలో తీసుకుపోవాలంటే మోయలేనంత ఎత్తు కావాలి. అందుకని రంధ్రం తొలిచిన రాళ్ళను ఒకదానికొకటి తగిలించి గొట్టంగా చేసి, నీటిని ఒత్తిడితో లోయలోకి దింపి, అవతల పైకి ఎక్కించారు. ఆ సైఫన్ పొడవు 1.6 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. దారిలో రెండు చోట్ల వాహిని మలుపు తిరుగుతుంది, సరిగ్గా ఆ రెండు చోట్లే ఎత్తైన బురుజులు ఉన్నాయి. నాన్నగారు ఒక బురుజు నీడలో నిలబడి చెప్పిన మాటలను ఇంచుమించుగా ఇక్కడ రాస్తున్నాను. ఒత్తిడితో పోయే నీరు మలుపు దగ్గర గొట్టాన్ని బయటి వైపుకు నెడుతుంది, రాతి అతుకులు దానికి ఆగవు. కనుక మలుపు ఉన్న చోట గొట్టాన్ని బురుజు పైకి తీసుకుపోయి, నీటిని తెరిచిన తొట్టిలోకి వదిలి, ఒత్తిడి విడిచాక, కొత్త దిక్కుకు మళ్ళీ కిందికి దింపారు. చిక్కుకున్న గాలి కూడా అక్కడే బయటికి పోతుంది. ఉద్యోగపు తొలి రోజులలో కోనసీమలో వైనతేయ మీదుగా కాలువను దాటించే గన్నవరం అక్విడక్టు మీద తాను నడిచిన రోజులు చెప్పి, అక్కడ నీటిని మట్టం తప్పకుండా వంతెన మీద నడిపించారని, ఇక్కడ ఆ అవకాశం లేక నీటి బరువునే పనిలో పెట్టారని వివరించారు. మా బృందంలో ఫొటోలు తీసుకోవడానికి దిగినవారంతా ఆయన చుట్టూ చేరారు. రంగశాల కోసం వెళ్ళిన ఎవరైనా ఈ బురుజులు చూడకుండా రాకూడదు. బస్సు ఆపడానికి పట్టిన సమయం అరగంట.

ఆ అరగంట లేదన్న సంస్థే అదే రోజు మధ్యాహ్నం మమ్మల్ని ఒక నగల దుకాణంలో గంటన్నర కూర్చోబెట్టింది. దుకాణంవారు మర్యాదగానే ఉన్నారు, కొనమని బలవంతం చేయలేదు. అయినా కార్యక్రమ పత్రంలో లేని మజిలీ అది. దానివల్ల సిదే చేరేటప్పటికి సాయంత్రం కావస్తున్నది. సముద్రపు ఒడ్డున తిరిగి నిలబెట్టిన ఐదు అపోలో ఆలయ స్తంభాలు ఆ వేళప్పుడు చాలా అందంగా ఉంటాయి కనుక ఎవరూ ఫిర్యాదు చేయలేదు గానీ, కొండ ఆసరా లేకుండా కమానుల మీద నిలిపిన అక్కడి రంగశాలను మేము బయటి నుంచి మాత్రమే చూశాము. పూర్వం ఈ ప్రాంతపు భాషలో సిదే అంటే దానిమ్మ. ఇప్పటికీ వీధి మలుపులలో దానిమ్మరసం అప్పటికప్పుడు పిండి ఇస్తున్నారు.

మూడవ రోజు పడమటి దారి పట్టాము. ఫాసెలిస్‌లో మూడు రేవులు, వాటి నడుమ పైన్ చెట్ల నీడలో ఒక వెడల్పాటి రాతి వీధి ఉన్నాయి. ఈ ఊరిలో అలెగ్జాండర్ కొంతకాలం మకాం చేశాడు. పెద్దవారితో వెళ్ళేవారికి ఈ తీరంలో ఇంత సులువుగా నడవగల శిథిల నగరం మరొకటి కనిపించదు. మైరాలో కొండ ముఖాన తొలిచిన లిసియన్ సమాధులు, అంటే ఈ పడమటి తీరాన ఉన్న ప్రాచీన లిసియా ప్రాంతపువారి సమాధులు ఉన్నాయి. దూలాల చివరలు, అడ్డకర్రలు, తలుపు చట్రాలు అన్నీ చెక్క ఇంటిలో ఉన్నట్టే రాతిలో చెక్కారు. గుంటుపల్లి గుహలో గుండ్రని పైకప్పు కింద రాతి వాసాలు చూసినవారికి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. ఊరిలో చాలా భాగం నది తెచ్చిన ఒండ్రు కింద ఇప్పటికీ ఉంది. సెయింట్ నికొలస్ చర్చిలోకి వెళ్ళాలంటే నేటి నేల మట్టం నుంచి మెట్లు దిగాలి. అక్కడ జనం ఎక్కువ, మాకు సమయం తక్కువ. రాత్రి బస కాష్ అనే చిన్న రేవు పట్టణంలో. గదులు శుభ్రంగా ఉన్నాయి.

నాలుగవ రోజు కోసమైనా ఈ యాత్ర చేయవచ్చు. ఉదయం కల్కాన్ దగ్గర డెలిక్‌కెమెర్ అనే చోట ఆగాము. ఇది కార్యక్రమంలో లేదు. ఆస్పెండోస్ సంఘటన తరువాత గైడు తానుగా చేర్చింది. పతారా నగరానికి నీరు తీసుకుపోయిన సైఫన్ ఇక్కడ దాదాపు చేతికి అందేట్టు మిగిలి ఉంది. మొరటు రాళ్ళ గోడమీద, నడుమ గుండ్రని రంధ్రం ఉన్న పెద్ద రాతి దిమ్మెలు వరుసగా పేర్చి ఉన్నాయి. ప్రతి దిమ్మెకూ ఒకవైపు అంచు పొడుచుకుని వచ్చి, మరొకవైపు అదే కొలతలో గుంట ఉంటుంది. ఒకదాని పొడుపు పక్కదాని గుంటలో ఇముడుతుంది. నాన్నగారు ఒక దిమ్మె రంధ్రంలోకి భుజం దాకా చేయి పోనిచ్చి లోపలి నునుపును తడిమి చూశారు. చేయి బయటికి తీసినప్పుడు వేళ్ళకు తెల్లని పొడి అంటుకుంది. అది సున్నపు పేరుకుదలని, నీటిలోని సున్నం ఏళ్ళ తరబడి పొరలుగా పట్టి ఉంటుందని ఆయన అన్నారు. మళ్ళీ ఆ చేయి కడుక్కోకుండానే బస్సెక్కారు.

పతారా ఒకప్పుడు గొప్ప రేవు. రేవు పూడిపోయి బురద నేల అయింది, సముద్రానికీ ఊరికీ నడుమ ఇసుక దిబ్బలు లేచాయి. రంగశాల కూడా ఇటీవలి కాలం వరకు ఇసుకలో కూరుకుని ఉండేది. లిసియన్ సమాఖ్య సభాభవనాన్ని మాత్రం టర్కీ పార్లమెంటు చొరవతో పునరుద్ధరించారు. ఇరవై మూడు నగరాలు కలిసిన ఆ సమాఖ్యలో పెద్ద నగరాలకు మూడేసి, మధ్యరకం వాటికి రెండేసి, మిగిలినవాటికి ఒక్కొక్కటి చొప్పున ఓట్లు ఉండేవి. అమెరికా రాజ్యాంగాన్ని సమర్థిస్తూ రాసిన వ్యాసాలలో కూడా ఈ పద్ధతి ప్రస్తావన ఉంది. కొత్తగా చేర్చిన తెల్లని రాయి పాతరాయి పక్కన కొట్టొచ్చినట్టు కనిపిస్తుందని కొందరు విమర్శిస్తారు. నాకు అది లోపంగా తోచలేదు. ఏది అప్పటిదో, ఏది ఇప్పటిదో చూసేవారికి దాపరికం లేకుండా తెలియడమే న్యాయం.

లెతోన్ నగరం కాదు, పుణ్యక్షేత్రం. గ్రీకు దేవత లెటో, ఆమె కవల పిల్లలు ఆర్టెమిస్, అపోలో, ఈ ముగ్గురి ఆలయాల పునాదులు పక్కపక్కనే ఉన్నాయి. భూగర్భ జలం పైకి రావడంతో కట్టడాలలో కొంతభాగం తరచూ నీటిలోనే ఉంటుంది. పసిబిడ్డలతో దాహమై వచ్చిన లెటోను పల్లెజనం నీళ్ళు తాగనివ్వలేదని, ఆమె శాపంతో వారంతా కప్పలయ్యారని ఈ ప్రాంతానికి సంబంధించిన పురాణకథ. గైడు ఈ కథ చెప్పడం మొదలుపెట్టి, మధ్యలో ఆపి, మమ్మల్ని కూడా నిశ్శబ్దంగా ఉండమంది. మునిగిన రాతి మెట్ల మీద నుంచి కప్పల అరుపు వినిపించింది. ఒక తాబేలు విరిగిన స్తంభం మీదికి ఎక్కి ఎండకు మెడ చాచింది. మేము తప్ప ఆ ఆవరణలో ఎవరూ లేరు. ఇక్కడ రెండు గంటలు ఇచ్చారు, అందులో ఒక్క నిమిషం కూడా ఎక్కువ కాలేదు. జాంథోస్, లెతోన్ రెండూ కలిపి 1988లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. జాంథోస్‌కు మిగిలింది మాత్రం గంటలోపే. అక్కడి నెరెయిడ్ స్మారకం అనే సమాధి కట్టడపు శిల్పాలు పంతొమ్మిదవ శతాబ్దంలోనే లండన్‌కు తరలిపోయి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. పీఠం మాత్రమే మిగిలిన చోట నిలబడినప్పుడు, అమరావతి దిబ్బ దగ్గర నిలబడిన తెలుగువారికి కలిగే బాధే కలిగింది.

తెర్మెస్సోస్‌ను క్రీ.పూ. 333లో అలెగ్జాండర్ పట్టుకోలేక వదిలిపెట్టి వెళ్ళాడు. ఆ కొండ ఎక్కుతున్నంతసేపూ అతని నిర్ణయం సమంజసమేననిపిస్తుంది. బండి ఆగే చోటు నుంచి రంగశాల దాకా రాళ్ళ దారి, మేము వెళ్ళేటప్పటికి తవ్వకాలు జరగని చోటు, చెట్ల మధ్య కూలిన గోడలు. మోకాళ్ళ నొప్పులున్నవారు వద్దనుకోవడం మంచిది. నాన్నగారు కిందనే కూర్చున్నారు. ఈ కొండ సంగతి కూడా సంస్థవారు ముందుగా చెప్పలేదు, 'తేలికపాటి నడక' అని మాత్రమే రాశారు.

భోజనం గురించి మనవారు తప్పక అడుగుతారు. శాకాహారులకు ఇబ్బంది లేదు. ఎర్ర కందిపప్పుతో చేసే చారు, పలుచని రొట్టెలో పాలకూరో చీజో పెట్టి పెనం మీద కాల్చే గోజ్లెమె, ఉప్పు వేసిన మజ్జిగలాంటి అయ్‌రాన్ ప్రతి ఊరిలోనూ దొరికాయి. చారులో మాంసపు రసం కలుపుతారేమో మాత్రం అడిగి తీసుకోవాలి. ఏప్రిల్ వాతావరణం హాయిగా ఉంది, స్తంభాల మధ్య ఎర్రని గసగసాల పూలు పూసి ఉన్నాయి. నీడలేని ఈ నగరాలను జూలై, ఆగస్టు ఎండలలో చూడమని నేను ఎవరికీ చెప్పను. అరిగిన పాలరాయి జారుతుంది, అడుగు పట్టు ఉన్న బూట్లు వేసుకోవాలి.

ఐదింటికి నేను మూడున్నర ఇస్తున్నాను. గైడుకు, డ్రైవరుకు విడిగా ఇవ్వమంటే సంకోచం లేకుండా ఐదు ఇస్తాను. తగ్గిన మార్కులన్నీ సమయం పంచిన తీరుకు, పత్రంలో రాసినదానికి కట్టుబడకపోవడానికి తగ్గినవే. ఐదు రోజులలో తొమ్మిది చోట్లు ఎక్కువ. మైరానో తెర్మెస్సోస్‌నో వదిలి, ఆ సమయాన్ని ఆస్పెండోస్‌కు, జాంథోస్‌కు ఇస్తే ఇదే యాత్ర ఎంతో మెరుగుపడుతుంది. ఇంటికి వచ్చాక సంస్థకు ఈ సంగతులన్నీ ఉత్తరంగా రాశాము. నాన్నగారు ఆ ఉత్తరానికి నీటి బురుజుల బొమ్మ ఒకటి గీసి, బస్సు ఎక్కడ ఆపితే పెద్దవారు కూడా ఎక్కువ నడవకుండా బురుజు దగ్గరికి చేరవచ్చో బాణం గుర్తు వేసి జతచేశారు.